బెజవాడ పాత కరెంటు ఇంజిన్లకి వీడ్కోలు: వామ్-4 కథ

 

ఈ ఎపిసోడ్ ఒక శబ్దంతో మొదలైంది, వీడియో చూసినవాళ్లు వినే ఉంటారు. ఇక్కడ చదువుకుంటున్నవాళ్లకి అది వినపడదు కాబట్టి మాటల్లో చెప్తాను. ముందు ఒక సన్నటి "గుయ్‌య్‌య్" మనే మోత, మన రైస్ మిల్లులో మోటార్ స్టార్ట్ చేస్తే మెల్లగా పుంజుకుంటుంది చూడండి, అలాగ. దాని మీద ఫ్యాన్ల హోరు. తర్వాత ఇంజిన్ కదిలేటప్పుడు లోపల్నించి "టక్... టక్... టక్" అని ఎవరో మెట్లెక్కుతున్నట్టు చప్పుడు. ఒక్కో టక్‌కీ బండి కొంచెం కొంచెం ముందుకి లాగుతుంది.

నేను పుట్టి పెరిగింది విజయవాడలో. చిన్నప్పుడు తెనాలి వెళ్లాలంటే ప్యాసింజర్ బండే. మా అమ్మ సీటు కోసం పరిగెత్తేది, నేను ఇంజిన్ వైపు పరిగెత్తేవాణ్ణి. ఇద్దరికీ రోజూ గొడవే. ఆ రోజుల్లో మా బండికి ఎక్కువగా తగిలించే ఇంజిన్ పేరు వామ్-4. వామ్మో కాదండీ, వామ్-ఫోర్. మా ఫ్రెండ్స్ గ్యాంగ్ అంతా అలాగే అంటాం.

ఆ ఇంజిన్లు ఇప్పుడు లేవు. 50 ఏళ్ల పాటు ఈ దేశంలో పది మందినీ మోసిన ఇంజిన్లు ఒక్కొక్కటిగా పక్కకి వెళ్లిపోయాయి. ఎందుకు వెళ్లిపోయాయి, లోపల ఏముండేది, ఆ టక్ టక్ ఏంటి, మాలాంటి రైలు పిచ్చోళ్లు దాని వెనకాల ఎందుకు తిరిగారు, అందులో నేను చేసిన ఒక వెధవ పనేంటి, ఇవన్నీ ఈరోజు చెప్తాను.

బీజడ్‌ఏ అంటే ఏంటి?

విజయవాడ స్టేషన్ కోడ్ బీజడ్‌ఏ. ఇంగ్లీషులో విజయవాడకి 'వి' ఉండాలి కదా, 'బి' ఎక్కడ్నించి వచ్చింది? బెజవాడ నుంచి. ఊరి పేరు మారింది, కోడ్ మారలేదు. ఇక్కడి షెడ్‌కి చెందిన ప్రతి ఇంజిన్ మీదా ఆ మూడక్షరాలు రాసి ఉంటాయి. ఢిల్లీలోనో హౌరాలోనో ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నప్పుడు బీజడ్‌ఏ అని రాసున్న ఇంజిన్ కనపడితే, మన ఊరి మనిషి ఎదురైనట్టే ఉంటుంది.

1880ల చివర్లో ఇక్కడికి రైలొచ్చింది. 1893లో కృష్ణ మీద బ్రిడ్జి అయ్యాక మద్రాసు వైపు దారి తెరుచుకుంది. అటు మద్రాసు, ఇటు విశాఖ, ఇంకోవైపు ఖమ్మం, కాజీపేట మీదుగా ఢిల్లీ, హైదరాబాద్. అన్ని దారులూ కలిసే చోటు కాబట్టి కరెంటు లైను వచ్చేటప్పుడు ఇంజిన్లని చూసుకునే షెడ్ కూడా ఇక్కడే కావాల్సొచ్చింది. విజయవాడ ఎలక్ట్రిక్ లోకో షెడ్ 1980లో మొదలైంది. విశాఖ వైపు పూర్తిగా కరెంటు తీగ పడింది మాత్రం 1990ల్లో.

షెడ్ అంటే ఇంజిన్లు పార్క్ చేసే చోటు మాత్రమే అనుకోకండి. అది ఇంజిన్లకి ఇల్లూ, ఆసుపత్రీ రెండూ. ఇంజిన్ దేశమంతా తిరుగుతుంది, చెకప్‌కి మాత్రం తన షెడ్‌కే రావాలి. పెళ్లయిన ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చినట్టు. దసరాకి ఆయుధ పూజ రోజు షెడ్లలో ఇంజిన్లకి బొట్లు పెట్టి, బంతిపూల దండలేసి, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు కొడతారు. కొండ మీద దుర్గమ్మకి నవరాత్రులు జరుగుతుంటే, కింద రైల్వే వాళ్లకి ఇదీ పండగే.

వామ్-4 పేరు వెనకాల

రైల్వేలో ఇంజిన్ పేరు ఒక చిన్న అడ్రస్ లాంటిది. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్. ఏ అంటే ఏసీ కరెంటు మీద నడిచేది. ఎం అంటే మిక్స్‌డ్, అంటే ప్యాసింజర్ బండికీ గూడ్సుకీ రెండింటికీ పనికొచ్చేది. 4 అంటే ఆ వరసలో నాలుగో రకం. అదే పి ఉంటే ప్యాసింజర్, జి ఉంటే గూడ్సు. ఇప్పుడు మీకు వాప్-7, వాగ్-9 అని కనపడితే అర్థమైపోతుంది కదా.

మన దేశంలో మొదటి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో నడిచింది. అది 1,500 వోల్టుల డీసీ కరెంటు. 1950ల చివర్లో రైల్వే వాళ్లు ఫ్రాన్స్ దారి పట్టి 25,000 వోల్టుల ఏసీ ఎంచుకున్నారు. ఎందుకంటే వోల్టేజీ ఎక్కువైతే అదే పవర్‌కి కరెంటు తక్కువ పారుతుంది, తీగ సన్నగా ఉన్నా సరిపోతుంది, సబ్‌స్టేషన్లు దూరదూరంగా పెట్టుకోవచ్చు. పొలం గట్టున మోటార్ దూరమయ్యేకొద్దీ వోల్టేజీ పడిపోవడం మన రైతులకి బాగా తెలిసిన సంగతేగా, ఆ బాధ తగ్గుతుంది.

మొదట్లో ఏసీ ఇంజిన్లు యూరప్ నుంచి, జపాన్ నుంచి వచ్చాయి. మన ఎండకి, మన దుమ్ముకి, మన పట్టాలకి తగ్గట్టు మనమే ఒకటి తయారు చేసుకుందాం అనుకున్నాక వచ్చింది వామ్-4. పశ్చిమ బెంగాల్‌లోని చిత్తరంజన్ ఫ్యాక్టరీలో 1970 ప్రాంతంలో మొదలై 1983 దాకా సుమారు 500 తయారయ్యాయి. 3,640 హార్స్‌పవర్, ఆరు మోటార్లు, బరువు దాదాపు 113 టన్నులు. కింద చక్రాల చట్రం, అంటే బోగీ, అప్పటికే డీజిల్ ఇంజిన్లకి వాడుతున్నదే దీనికీ పెట్టారు. అందుకని మన వర్క్‌షాపుల్లో దాన్ని బాగుచేయడం వచ్చిన మనుషులు అప్పటికే ఉన్నారు, కొత్తగా నేర్పక్కర్లేకపోయింది. తెలివంటే అదీ.

లోపల ఏం జరుగుతుంది?

ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, తర్వాత అంతా దీని మీదే ఉంటుంది.

పైన తీగలో 25,000 వోల్టులు. ఇంజిన్ నెత్తి మీద మడత గొడుగులా లేచే దాన్ని పాంటోగ్రాఫ్ అంటారు, అది తీగని రాసుకుంటూ కరెంటు తీసుకుంటుంది. అక్కడ్నించి ఒక పెద్ద స్విచ్ దాటాలి. మన ఇంట్లో ఎంసీబీ ఉంటుంది చూడండి, దానికి తాత లాంటిది. దాన్ని రైల్వే వాళ్లు డీజే అంటారు. పెళ్లిలో డీజే కాదండీ బాబూ. ఫ్రెంచిలో ఆ స్విచ్‌ని 'డిస్‌జాంక్టర్' అంటారు, దాన్నుంచి వచ్చిన పొట్టి పేరు. టెక్నాలజీ ఫ్రాన్స్‌ది కాబట్టి పేర్లు కూడా వచ్చేశాయి. ఖమ్మం నుంచో గూడూరు నుంచో వచ్చిన మన తెలుగు డ్రైవర్లు 40 ఏళ్ల పాటు "డీజే ట్రిప్పయింది రా" అని ఫ్రెంచి మాట్లాడేశారన్నమాట, వాళ్లకీ తెలీకుండా.

డీజే దాటాక ట్రాన్స్‌ఫార్మర్. 25,000 వోల్టులు నేరుగా మోటార్లకి ఇస్తే బూడిదే. తగ్గించి ఇవ్వాలి, అదీ ఒక్కసారిగా కాదు, మెల్లమెల్లగా పెంచుతూ. దానికి జీఆర్ అనే ట్యాప్ ఛేంజర్ ఉంటుంది. 32 మెట్లు. డ్రైవర్ హ్యాండిల్ ఒక్కసారి ముందుకి నొక్కితే ఒక మెట్టు ఎక్కుతుంది, మోటార్లకి కొంచెం ఎక్కువ వోల్టేజీ వెళ్తుంది. మీ ఇంట్లో పాత ఫ్యాన్ రెగ్యులేటర్ ఒకటి, రెండు, మూడు అని తిప్పేవాళ్లు కదా, అదే సూత్రం. నేను మొదట చెప్పిన టక్ టక్ ఇదే. మంచి డ్రైవర్ అయితే ఆ మెట్లు ఎక్కేది బోగీలో కూర్చున్నవాళ్లకి తెలీదు. కొత్తవాడైతే చేతిలో టీ ఒలుకుతుంది.

తర్వాత రెక్టిఫయర్. ఏసీ కరెంటుని డీసీ చేస్తుంది, ఎందుకంటే కింద ఉన్న ఆరు మోటార్లూ డీసీవి. ఈ మోటార్లలో తిరిగే భాగానికి కరెంటు అందించడానికి కార్బన్ బ్రష్‌లుంటాయి. మిక్సీ పాడైతే మెకానిక్ "బొగ్గు అరిగిపోయిందమ్మా" అంటాడు చూడండి, అవే పెద్ద సైజులో. అవి అరుగుతాయి, నిప్పురవ్వలు చిమ్ముతాయి, ఎప్పటికప్పుడు చూస్తూ మారుస్తూ ఉండాలి.

మరి ఆ గుయ్‌య్ మనే మోత? అది ఆర్నో అనే మెషీన్‌ది. ఫ్యాన్లు, కంప్రెసర్లు నడవాలంటే త్రీ-ఫేజ్ కరెంటు కావాలి, పైన తీగలో ఉన్నది సింగిల్ ఫేజ్. ఈ ఆర్నో తిరుగుతూ సింగిల్ ఫేజ్‌ని త్రీ-ఫేజ్ చేసి పెడుతుంది. బండి ఆగి ఉన్నా సరే, ఇంజిన్ బతికే ఉందని చెప్పేది ఆ మోతే. తర్వాతి రోజుల్లో దాని బదులు తిరగని ఎలక్ట్రానిక్ డబ్బాలు పెట్టడం మొదలుపెట్టారు, మోత పోయింది.

ఇంకో చిన్న విషయం. లైను మీద కొన్ని చోట్ల తీగలో కరెంటు లేని చిన్న ముక్క ఉంటుంది, న్యూట్రల్ సెక్షన్ అంటారు. ఒక సబ్‌స్టేషన్ కరెంటు అయిపోయి ఇంకోదాని కరెంటు మొదలయ్యే సరిహద్దు అది. దానికి 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల ముందు ఇంకో బోర్డు ఉంటాయి. పాత ఇంజిన్లలో డ్రైవరే చూసుకుని డీజే తీసేయాలి, ఊపు మీద బండి దాటాలి, మళ్లీ డీజే వేసుకోవాలి. ఆ కొద్ది సెకన్లు ఇంజిన్‌లో మోతంతా ఆగిపోతుంది. చిన్నప్పుడు నాకది భలే భయంగా ఉండేది, ఊపిరి బిగబట్టినట్టు. మళ్లీ గుయ్‌య్ మనగానే హమ్మయ్య అనుకునేవాణ్ణి.

మరి ఎందుకు పంపేశారు?

మొదటి కారణం వయసు. కరెంటు ఇంజిన్‌కి రైల్వే లెక్క ప్రకారం ఆయుష్షు 35 ఏళ్లు. ఆఖరివి 1983లో వచ్చాయనుకుంటే 35 కలపండి, 2018. సర్వీసు పొడిగించినా ఎంతో కాలం కుదరదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇన్సులేషన్ ముసలిదవుతుంది, వైర్లు పెళుసెక్కుతాయి, స్పేర్ పార్టులు తయారు చేసేవాళ్లే ఉండరు.

రెండోది కొత్త టెక్నాలజీ. 1990ల మధ్యలో ఏబీబీ కంపెనీ నుంచి త్రీ-ఫేజ్ ఇంజిన్లు వచ్చాయి. వాటి పిల్లలే ఇప్పుడు మీరు చూసే వాప్-7, వాగ్-9. వాటిలో మెట్లు లేవు, బ్రష్‌లు లేవు. ఎలక్ట్రానిక్స్ కరెంటుని కావాల్సినంత మలిచి మోటార్‌కి ఇస్తాయి. పవర్ 6,000 హార్స్‌పవర్ పైన. వామ్-4 కంటే దాదాపు 70 శాతం ఎక్కువ.

మూడోది నాకు బాగా నచ్చిన కారణం. వామ్-4కి బ్రేక్ వేసేటప్పుడు మోటార్లని జనరేటర్లలా తిప్పే పద్ధతి ఉంది, కానీ వచ్చిన కరెంటుని రెసిస్టర్లలో వేడి చేసి గాల్లోకి వదిలేసేది. కొత్త ఇంజిన్లు ఆ కరెంటుని తిరిగి పైన తీగకి ఇచ్చేస్తాయి. అంటే మీ బండి స్టేషన్లో ఆగడానికి స్లో అవుతుంటే, అది వదిలిన కరెంటుతో పక్క లైనులో ఇంకో బండి కదలొచ్చు.

నాలుగోది బోగీల్లో కరెంటు. ఇప్పటి ఎర్ర ఎల్‌హెచ్‌బీ బోగీల్లో ఏసీలకి, లైట్లకి, మీ ఛార్జింగ్ పాయింట్లకి ఇంజినే కరెంటు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. డీజిల్ తగలేసే జనరేటర్ బోగీ పని తగ్గిపోయింది. వామ్-4కి ఆ ఏర్పాటు లేదు.

ఐదోది, రోజూ తిరిగేవాళ్లకి సంబంధించింది. ఏలూరు నుంచో తెనాలి నుంచో రోజూ బెజవాడ వచ్చే ఉద్యోగులు, స్టూడెంట్స్ ఎక్కే ప్యాసింజర్ బండ్లు చాలావరకు మెమూలయ్యాయి. మెమూకి విడిగా ఇంజిన్ ఉండదు, బోగీల్లోనే మోటార్లుంటాయి. చివరి స్టేషన్లో ఇంజిన్ విప్పి, అటు తిప్పి, ఇటు తగిలించే పని లేదు. త్వరగా వేగం అందుకుంటుంది, త్వరగా ఆగుతుంది. ప్రతి ఊళ్లో ఆగే బండికి కావాల్సింది అదే. 2023 జనవరి 15న విశాఖ, సికింద్రాబాద్ మధ్య మొదలైన వందే భారత్ కూడా అంతే, దానికీ విడిగా ఇంజిన్ లేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. మన డెల్టాలో గుడివాడ, మచిలీపట్నం, భీమవరం, నరసాపురం, నిడదవోలు లైన్లున్నాయి కదా, మొత్తం 221 కిలోమీటర్లు. అక్కడ చాలా ఏళ్లు డీజిల్ ఇంజిన్లే. డబ్లింగ్, కరెంటు పనులు ఈమధ్యే పూర్తయ్యాయి. అప్పటికి వామ్-4ల కాలం అయిపోవచ్చింది. అంటే 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న గుడివాడ కుర్రాడికి వామ్-4 అంటే పెద్దగా తెలీదు. వాడి చిన్నతనం డీజిల్ పొగలో గడిచి, ఒక్కసారిగా వాప్-7 కాలంలోకి దూకింది. వాడు ఏడిస్తే డీజిల్ ఇంజిన్ కోసం ఏడుస్తాడు, నేనైతే దీని కోసం. ఒకే జిల్లాలో పక్కపక్కనే పెరిగినా మా ఇద్దరి జ్ఞాపకాలూ వేరు.

ఆఖరి రోజంటూ ఉండదు

ముంబైలో హార్బర్ లైన్‌లో ఆఖరి డీసీ లోకల్ 2016 ఏప్రిల్‌లో నడిచింది. రోజు ముందే తెలుసు. రైలంటే ఇష్టమున్నవాళ్లు వెళ్లి ఎక్కారు, ఫోటోలు తీసుకున్నారు, సాగనంపారు. అలాంటి అదృష్టం మామూలు ఇంజిన్లకి ఉండదు. మామూలుగా ఏమవుతుందంటే, ఇంజిన్ చెకప్ కోసం షెడ్‌కి వస్తుంది. ఇంజినీర్లు చూస్తారు. రిపేర్‌కి అయ్యే ఖర్చు, మిగిలిన ఆయుష్షు లెక్కేస్తారు. ఇక వద్దనుకుంటే కండెమ్ చేయమని పైకి రాస్తారు. అంతే, ఆ ఇంజిన్ మళ్లీ బయటికి రాదు. అది లాగిన చివరి బండిలో కూర్చున్న వందల మందిలో ఒక్కరికి కూడా తెలీదు, అది దాని ఆఖరి ట్రిప్పని.

తర్వాత పనికొచ్చే భాగాలు విప్పుతారు. మంచి మోటార్లు, కంప్రెసర్లు ఇంకా నడుస్తున్న ఇంజిన్లకి వెళ్తాయి. మిగిలిన డొల్లని ఆన్‌లైన్ వేలంలో అమ్ముతారు. రాగి, ఇనుము విడివిడిగా లెక్క. కొన్నవాడు గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసి పట్టుకెళ్తాడు.

అందుకే మేం కొంతమంది ఫ్రెండ్స్ ఒక అలవాటు పెట్టుకున్నాం. వామ్-4 కనపడిన ప్రతిసారీ ఇదే ఆఖరుసారేమో అనుకుని నంబరు, తేదీ, ఏ బండికి తగిలించారో రాసుకునేవాళ్లం. ప్లాట్‌ఫాం చివర నిలబడి వీడియో తీసేవాళ్లం. మాలో ఒకడు ఒకసారి బంతిపూల దండ తెచ్చాడు. ఇంజిన్ దగ్గరికి వెళ్లి, కిటికీలో ఉన్న లోకో పైలట్‌ని అడిగాడు, "అన్నా, దండ వేయొచ్చా?" అని. ఆయన నవ్వి, తనే చెయ్యి చాచి తీసుకుని లోపల తగిలించుకున్నాడు. అదే మేం చేసిన వీడ్కోలు సభ. రెండు నిమిషాలు. సిగ్నల్ పడింది, వెళ్లిపోయింది. ఆ నంబరు మళ్లీ మాకెవరికీ కనపడలేదు.

మావయ్య చెప్పిన రెండో వైపు

మా మావయ్య లోకో పైలట్‌గా రిటైరయ్యాడు. ఆయన చేరినప్పుడు లోకో పైలట్ అనేవాళ్లు కాదు, డ్రైవర్ అనే అనేవాళ్లు. నేను ఫోన్లో వామ్-4 వీడియోలు చూపిస్తుంటే ఆయన ఓపిగ్గా చూసేవాడు. ఒకరోజు అడిగాను, "మావయ్యా, మళ్లీ ఒక్కసారి నడపాలని లేదా?" అని.

"అల్లుడూ, మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఎప్పుడైనా దాంట్లో కూర్చున్నావా?" అన్నాడు.

బెజవాడ ఎండ మీకు తెలుసు. బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు కదా. బయట 45 డిగ్రీలు, వెనకాల మెషీన్ రూమ్ వేడి, ముందు అద్దంలోంచి ఎండ, ఏసీ లేదు, బాత్రూమ్ లేదు. పక్కనే మనిషి మాట్లాడితే వినపడని మోత. నేను సంగీతం అనుకుంటున్నది ఆయనకి ఎనిమిది గంటల డ్యూటీ. "మీకు జ్ఞాపకం, మాకు చెమట" అన్నాడు. ఇప్పటి ఇంజిన్లలో క్యాబ్ ఏసీలు వస్తున్నాయి, అది చాలా మంచిదన్నాడు. పాతది పోతుంటే ఆయనకి బాధే లేదా అంటే, ఉంది. తాళ్లతో కుట్టిన ఒక పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది. టీఎస్‌డీ అంటారు, దారిలో ఇంజిన్ మొరాయిస్తే ఏం చూడాలో, ఏ రిలే చూడాలో, ఏ స్విచ్ తిప్పాలో వరసగా రాసి ఉంటుంది. మార్జిన్ల నిండా మావయ్య చేతిరాత. అర్ధరాత్రి ఒంగోలు ఈవల ఎక్కడో చీకట్లో ఆగిపోతే, వెనకాల వెయ్యి మంది నిద్రపోతుంటే, టార్చిలైటు పట్టుకుని ఆ పుస్తకంతో ఇంజిన్‌ని లేపిన మనిషి ఆయన. కొత్త ఇంజిన్‌లో స్క్రీనే చెప్తుంది ఎక్కడ తప్పుందో. ఆ విద్యకి ఇక పని లేదు.

ఇంకో మాట కూడా అడిగాను. "నీకు బాగా ఇష్టమైన ఇంజిన్ నంబరేది?"

ఇష్టమైనవి రెండు మూడు చెప్పాడు. తర్వాత కాసేపు ఊరుకుని, "ఒక నంబరుంది, అది డ్యూటీలో వస్తే ఆ రోజు అన్నం తినలేకపోయేవాణ్ణి" అన్నాడు. ఒక కుర్రాడు పట్టాలు దాటుతూ అడ్డొచ్చాడట. చేయగలిగిందల్లా హారన్ కొట్టడం, ఎమర్జెన్సీ బ్రేక్ వేయడం. వేగం మీదున్న బండి ఆగడానికి కిలోమీటరు దాకా పడుతుంది. పక్కకి తిప్పడానికి స్టీరింగ్ ఉండదు. "ఆ పిల్లాడు ఆఖర్న తలెత్తి చూశాడు రా. నన్నే చూశాడు" అన్నాడు. నంబరు మాత్రం నాకు చెప్పలేదు. ఆ ఇంజిన్ కూడా కండెమ్ అయిపోయింది. అది తుక్కుకి వెళ్లిందని తెలిసిన రోజు హాయిగా నిద్రపట్టిందట ఆయనకి.

అప్పటిదాకా ఇంజిన్ వెళ్లిపోవడం అంటే అందరికీ బాధే అనుకున్నాను.

నేను చేసిన వెధవ పని

ఇది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. చెప్పకపోతే ఈ ఎపిసోడ్‌కి అర్థం లేదు.

మావయ్య ఆ మాట చెప్పడానికి కొన్ని నెలల ముందు, ఒక చిన్న స్టేషన్ దగ్గర వామ్-4 వస్తోందని తెలిసి వెళ్లాను. ప్లాట్‌ఫాం మీంచి ఫ్రేమ్ బాగా రావట్లేదు. రెండు లైన్ల మధ్య ఖాళీలోకి దిగి నిలబడ్డాను. కళ్లు ఫోన్ స్క్రీన్ మీద, చెవులు ఎదురుగా వచ్చే ఇంజిన్ మోత మీద. వెనకాల రెండో లైనులో ఇంకో బండి వస్తోంది. కొత్త కరెంటు ఇంజిన్, అందులోనూ దూరంగా ఉన్నప్పుడు పెద్దగా చప్పుడుండదు. ఉన్న చప్పుడుని వామ్-4 మింగేసింది. ట్రాక్ పని చేసే ఒకాయన విజిల్ వేస్తూ పరిగెత్తుకొచ్చి, చొక్కా పట్టుకుని లాగేశాడు. కింద కంకర మీద పడ్డాను. రెండు బండ్లూ రెండు వైపులా వెళ్లిపోయాయి.

ఆయన తిట్టలేదు. రొప్పుతూ ఒకటే అన్నాడు: "ఇంజిన్ కోసం వచ్చావా, ఇంజిన్ కిందకి వచ్చావా?"

ఆ వీడియో నా దగ్గర ఉంది. ఎక్కడా పెట్టలేదు, పెట్టను. మావయ్య కథ విన్నాక ఆ రాత్రి నాకు అర్థమైంది. ఆ రోజు నాకేమన్నా అయ్యుంటే, నేను చేత్తో దండ ఇచ్చి సాగనంపిన అలాంటి లోకో పైలట్ ఒకాయన మిగతా జీవితమంతా ఒక నంబరుని చూసి అన్నం మానేసేవాడు.

అందుకని కొన్ని విషయాలు సూటిగా చెప్తాను. పర్మిషన్ లేకుండా పట్టాల మీదకి వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది చట్టం సంగతి. 25,000 వోల్టుల సంగతి ఇంకా ఘోరం. ఆ తీగని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికెళ్తే చాలు, గాల్లోంచే దూకుతుంది. 2 మీటర్ల లోపలికి వెళ్లకూడదనేది రైల్వే రూలు. సెల్ఫీ స్టిక్ కూడా మీ చెయ్యి పొడుగే అని లెక్కేసుకోండి. ఆగి ఉన్న గూడ్సు బండి ఎక్కి ఫోటో దిగడం అసలు ఆలోచనే వద్దు.

ఏం చేయొచ్చు?

ప్లాట్‌ఫాం టికెట్ తీసుకోండి. పసుపు గీతకి ఇవతల నిలబడండి. అక్కడ్నించి దొరికిందే మన ఫ్రేమ్. ఇంజిన్ నంబరు, కింద రాసిన షెడ్ పేరు, తేదీ, బండి పేరు నాలుగూ రాసుకోండి. పదేళ్ల తర్వాత వట్టి ఫోటో కంటే ఆ నాలుగు ముక్కలున్న ఫోటోకే విలువ. వీడియో తీస్తే మ్యూజిక్ వేయకుండా ఒక కాపీ అలాగే ఉంచండి. ఆర్నో మోత ఇప్పుడు మళ్లీ పుట్టదు. నా దగ్గరున్న వామ్-4 వీడియోల్లో సగం వాటికి నేను సినిమా పాటలు తగిలించి ఒరిజినల్ డిలీట్ చేశాను. ఇప్పుడు తల బాదుకుంటున్నా.

వామ్-4 పోయింది, కానీ దాని తమ్ముళ్లు ఇంకా తిరుగుతున్నారు. వాగ్-5 అని గూడ్సు ఇంజిన్లు 1984 నుంచి వచ్చాయి, వాటికీ వయసు మీద పడుతోంది. 1990ల నుంచి మన ఎక్స్‌ప్రెస్‌లు లాగిన వాప్-4లు కూడా మెట్లు ఎక్కే రకమే. 2016 తర్వాత చిత్తరంజన్‌లో ఈ పాత రకం తయారీ ఆపేసి అన్నీ త్రీ-ఫేజ్‌వే చేస్తున్నారు. అంటే ఆ టక్ టక్ వినడానికి ఇంకా కొన్నేళ్లే ఉంది. ఇప్పుడు మామూలుగా కనపడుతున్నాయి కదా అని ఎవరూ పట్టించుకోరు. వామ్-4ని కూడా అలాగే పట్టించుకోలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి. మీ ఇంట్లోనో వీధిలోనో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లుంటారు. బెజవాడలో, కాజీపేటలో, గూడూరులో అయితే వీధికొకరుంటారు. ఫిట్టర్, గార్డు, గ్యాంగ్‌మన్, ఎవరైనా. వెళ్లి కూర్చుని ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి, ముందే వాళ్లకి చెప్పి, అడగండి. ఇంజిన్లలో ఒకటో రెండో మ్యూజియంలో పెడతారేమో. మనుషుల్ని ఏ మ్యూజియమూ దాచదు.

మొన్న మావయ్య దగ్గరికి వెళ్లి ఆ టీఎస్‌డీ పుస్తకం ప్రతి పేజీ ఫోటో తీసుకున్నాను. మార్జిన్లో ఒక చోట పెన్సిల్‌తో ఏదో కొట్టేసి ఉంది, ఐదంకెల నంబరులాగే ఉంది. అడగబోయి ఆగిపోయాను. ఆయన చూశాడు, ఏమీ అనలేదు. పేజీ తిప్పేశాడు.

సరే అండీ, ఈ ఎపిసోడ్‌కి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో మన డెల్టా డీజిల్ ఇంజిన్ల గురించి మాట్లాడుకుందాం, గుడివాడ వాళ్లు రెడీగా ఉండండి. అప్పటిదాకా పట్టాలకి దూరంగా, రైలుకి దగ్గరగా ఉండండి. ఉంటాను, నమస్తే.